గిల్లి జోలపాడే బేరం

మైన్‌క్రాఫ్ట్‌లో విలేజర్లతో వ్యాపారం చేసే మహానుభావులందరికీ ముందుగా ఓ సాష్టాంగం. పెట్టుబడి లేకుండా లాభం తీసిన ఘనులను చూశాం. సరుకు చూపించకుండా సొమ్ము వసూలు చేసిన ఘనులనూ చూశాం. అమ్మేవాడికి జబ్బు అంటించి, తామే మందు పోసి, ఆ పుణ్యానికి ప్రతిఫలంగా వాడి కొట్లో శాశ్వత డిస్కౌంటు రాయించుకున్నవాళ్లను మాత్రం మీ రూపంలోనే చూస్తున్నాం. పసివాణ్ణి గిల్లి జోలపాడేవాళ్లుంటారని మన పెద్దలు ఎరుగుదురు. ఆ జోలపాటకు పసివాడి చేతే బిల్లు కట్టించవచ్చని మాత్రం పాపం వాళ్లకు తట్టలేదు.

ఆట తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. స్వీడన్‌కు చెందిన మోజాంగ్ కంపెనీ తయారుచేసిన ఈ ఆట పూర్తి రూపంలో 2011 నవంబరులో బయటికొచ్చింది. 2014లో మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీని 250 కోట్ల డాలర్లు పోసి కొనుక్కుంది. 2023 నాటికి 30 కోట్ల కాపీలు అమ్ముడుపోయాయి. అందులో లోకమంతా చదరపు దిమ్మెలే. తవ్వుకోవచ్చు, కట్టుకోవచ్చు, చీకటి పడితే జాంబీల నుంచి పారిపోవచ్చు. అక్కడక్కడా ఊళ్లుంటాయి. ఆ ఊళ్లలో కంప్యూటరే నడిపించే జనం ఉంటారు, వాళ్లే విలేజర్లు. పొడుగు ముక్కు, అంగీలోకి ముడుచుకున్న చేతులు, నోరు మెదిపితే ‘హ్మ్’ తప్ప ఇంకో మాట రాదు. 2012 నుంచి వీళ్లతో బేరాలాడే వీలు కలిగింది. పచ్చలే అక్కడ డబ్బు. ఆటగాళ్ల భాషలో ఎమరాల్డ్స్.

ఈ ‘హ్మ్’ జనం ఎంత మెతక వ్యాపారులో చూడండి. బాణాలు చేసే ఫ్లెచర్‌కు 32 పుల్లలిస్తే ఓ పచ్చ చేతిలో పెడతాడు. ఒక దుంగను కోస్తే నాలుగు పలకలు, ఆ నాలుగు పలకలకు ఎనిమిది పుల్లలు. అంటే నాలుగు దుంగలకు ఓ రత్నం! రైతు 20 గోధుమలకు ఓ పచ్చ ఇస్తాడు. లైబ్రేరియన్ 24 కాగితాలకు ఇస్తాడు. దేవుడి పని చూసుకునే క్లెరిక్ మరీ ధర్మాత్ముడు. జాంబీల ఒంటి నుంచి రాలిన కుళ్లు మాంసం 32 ముక్కలు పుచ్చుకుని, ముక్కు మూసుకోకుండా పచ్చ ఇస్తాడు. ఏ విలేజరైనా సరుకు అయిపోతే రోజుకు రెండుసార్లు నింపుకుంటాడు. అక్కడి రోజంటే మనకు 20 నిమిషాలే. ఎగబడి కొంటే ధర కాస్త పెంచుతాడు, జోరు తగ్గితే దించుతాడు. తూకంలో మోసం లేదు, కల్తీ లేదు, చిల్లర బదులు చాక్లెట్ చేతిలో పెట్టడం లేదు.

ఇలాంటివాడి దగ్గర నాలుగు దుంగలు నరికి పచ్చ సంపాదించుకుని, కావలసింది కొనుక్కుని పోతే సరిపోయేది. కానీ అది మీ అంతస్తుకు తగునా?

ముందు వాణ్ణి ఊరు నుంచి లేపాలి. దారిలో పడవ పెడితే ఆ అమాయకుడు ఎక్కి కూర్చుంటాడు. చుక్క నీరు లేకపోయినా నేలమీదే పడవను ఈడ్చుకుపోవచ్చు. తీసుకెళ్లి ఒక దిమ్మె వెడల్పు, ఒక దిమ్మె పొడుగు ఉన్న గడిలో దించుతారు. ఎదురుగా లెక్టర్న్ అనే పుస్తకపీఠం పెడతారు. దాన్ని చూడగానే ఊరి నిరుద్యోగి లైబ్రేరియన్ అయిపోతాడు. పక్క గడిలో ఇంకొకడు, ఆ పక్కన మరొకడు. గడికో గుమాస్తా! మీరు ముద్దుగా పిలుచుకునే ట్రేడింగ్ హాల్ ఇదే. గుమాస్తాకు తిండి అక్కర్లేదు, మంచం లేకపోయినా కొట్టు నడుస్తుంది, ఆదివారం ఊసే లేదు. ఇలాంటి సిబ్బంది దొరికితే చాలని మొక్కుకునే యజమానులు మన చుట్టూ కూడా ఉన్నారు. వాళ్ల మొక్కు ఫలించింది మీ ఒక్కరికే.

ఇక ఇంటర్వ్యూ. మీకు కావలసింది మెండింగ్ పుస్తకం. ఆ మంత్రం ఎక్కిన గునపం ఆటలో మీరు పోగేసే ఎక్స్‌పీరియన్స్‌తో తన అరుగుదలను తానే పూడ్చుకుంటుంది. కొత్త లైబ్రేరియన్ దగ్గర ఏ పుస్తకం ఉంటుందో లాటరీ. అనుకున్నది లేదా? పీఠం పగలగొడతారు, ఉద్యోగం ఊడుతుంది. మళ్లీ పెడతారు, ఉద్యోగం వస్తుంది, సరుకు మారుతుంది. ఈసారీ లేదా? మళ్లీ పగలగొట్టుడు. అప్పాయింట్‌మెంటూ డిస్మిసలూ ఇలా నిమిషానికి ఇన్నేసి చొప్పున ఏ సర్కారు ఆఫీసులోనూ జరగవు. కోరిన పుస్తకం కనిపించగానే ఏదో ఒకటి కొని మొదటి బేరం ముగిస్తారు. అంతటితో ఆ వృత్తి వాడికి ఖాయం, ఆ గడీ ఖాయం. ఊళ్లో ఆకుపచ్చ అంగీ వేసుకున్న నిట్‌విట్ అనే ఒక రకం ఉంటుంది. వాడికి ఏ పీఠం చూపించినా ఏ పనీ అంటుకోదు. అలాంటివాడు పొరపాటున పడవెక్కితే హాలు కట్టేవాళ్లు ఏం చేస్తారో రాయడం మర్యాద కాదు. లావా అక్కడ చాలా చవక అని మాత్రం చెప్పగలను.

పుస్తకం దొరికింది. ధర 10 నుంచి 38 పచ్చల దాకా ఎంతైనా పలకవచ్చు. దుంగల్లో చెప్పాలంటే 40 నుంచి 152. చెట్లు నరకడం ఒళ్లు వంచే పని. అందుకని మీరు వైద్యవృత్తిలోకి దిగారు.

వైద్యుడికి రోగి కావాలి కదా, జాంబీని గడి దాకా తోలుకొస్తారు. అది కొట్టి చంపిన విలేజర్ జాంబీగా మారతాడా, లేక చచ్చి ఊరుకుంటాడా అన్నది ఆట కష్టస్థాయిని బట్టి ఉంటుంది. ఈజీలో మారడు, నార్మల్‌లో సగం అవకాశం, హార్డ్‌లో నూటికి నూరు. అందుకని గుమాస్తా ప్రాణం మీద తీపితో మీరు ఆటను హార్డ్‌లో పెడతారు. ఎంత దయ! వాడు పచ్చబడి, మూలుగుతూ మీ మీదికే చేతులు చాస్తుంటే వీక్‌నెస్ మందు సీసా విసిరి, బంగారు ఆపిల్ తినిపిస్తారు. కొన్ని నిమిషాలు వణికి మళ్లీ మనిషవుతాడు. కళ్లు తెరిచేసరికి ఎదురుగా ప్రాణదాత! ఇరవై పచ్చల పుస్తకం ఒక్క పచ్చకు దిగుతుంది. జాంబీని తోలుకొచ్చింది ఎవరో వాడు అడగడు. అడిగే ఏర్పాటు ఆటలో లేదు.

అసలు కిటుకు ఆ ఏర్పాటులోనే ఉంది. ఈ ఆట రూపాల్లో ఒకటైన జావా ఎడిషన్‌లో ప్రతి విలేజర్ దగ్గరా మీ పేరున ఒక ఖాతా నడుస్తుంది. మీరు కొడితే అందులో మచ్చ పడుతుంది, ధర పెరుగుతుంది. ఒకణ్ణి చంపితే చూసినవాళ్ల ఖాతాల్లో ఇంకా పెద్ద మచ్చ. జనం కలుసుకున్నప్పుడు ఆ కబురు ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. మాట రాని జనానికి చాడీ చెప్పుకునే హక్కయినా మిగిలిందని సంతోషించేలోపే రెండో పేజీ తిరగేయాలి. దెబ్బ తాలూకు మచ్చ రోజురోజుకూ తరుగుతుంది. హత్య తాలూకు మచ్చ కూడా తరుగుతుంది. తరగనిది ఒకే ఒక్కటి, జాంబీ వైద్యానికి పుట్టిన పెద్ద కృతజ్ఞత. హత్యకు కాలదోషం ఉంది, ఉపకారానికి లేదు! పేరు మరీ పాడైతే ఊరి కాపలా ఇనుప గోలెమ్ మీ మీద పడుతుంది. దానికీ విరుగుడుంది. మీరు మీ చేతులతో కట్టి నిలబెట్టిన గోలెమ్ మీ జోలికి ఎన్నడూ రాదు. సొంత ఖర్చుతో పోలీసు స్టేషన్ కట్టించిన దొరమీద కేసు రాసేదెవరు?

ఒకసారి మరిగిన రుచి ఒక్క చోట ఆగుతుందా? రెయిడ్ చూడండి. 2019లో వచ్చిన మార్పులతో దోపిడీ ముఠాలు ఊళ్ల మీద పడటం మొదలైంది. వాళ్లంతట వాళ్లు పడరు. ముఠా నాయకుణ్ణి చంపి, ఆ అపశకునాన్ని నెత్తిన వేసుకుని మీరు ఊళ్లో అడుగుపెడితేనే పడతారు. 2024 నుంచి ఆ అపశకునం సీసాలోకి ఎక్కింది. నాయకుణ్ణి చంపితే సీసా రాలుతుంది, గటగటా తాగి ఊళ్లోకి నడిస్తే చాలు. ముఠా వస్తుంది, మీరు కత్తి దూస్తారు, ఊరు గట్టెక్కుతుంది. జనం బాణసంచా కాలుస్తారు, మీ కాళ్ల ముందు కానుకలు విసురుతారు, ‘ఊరి హీరో’ అని బిరుదిచ్చి కొంతసేపు ధరలు దించుతారు. బిరుదు తీసుకునేటప్పుడు సీసా తాగిన సంగతి మీ ముఖంలో కనిపించకుండా చూసుకోండి.

ఇనుము సంగతి ఇంకా ఘోరం. విలేజర్లు హడలిపోతే వాళ్లను కాపాడటానికి గోలెమ్ పుడుతుంది. అది చచ్చిపోతే మూడు నుంచి అయిదు ఇనుప కడ్డీలు రాలతాయి. ఈ రెండు వాక్యాలు చదివిన మామూలు మనిషి ఊరి చుట్టూ గోడ కడతాడు. మీరు ఫ్యాక్టరీ కట్టారు. కొందరు విలేజర్లను ఎత్తున బంధించి, వాళ్లకు కనపడేలా, వాళ్లను అందుకోలేనంత దూరంలో ఒక జాంబీని కట్టిపడేశారు. వాళ్లు కంగారుపడుతూనే ఉంటారు, గోలెమ్‌లు పుడుతూనే ఉంటాయి, పుట్టినవి పుట్టినట్టే నీళ్లలో జారి లావాలో పడుతూనే ఉంటాయి. కింద పెట్టెల్లో ఇనుముతోపాటు ఎర్రటి పాపీ పువ్వులు కూడా చేరతాయి. మామూలు ఊళ్లో గోలెమ్ పిల్లలకు చేయి చాచి ఇచ్చే పువ్వు అదే. మీ ఫ్యాక్టరీలో అది చెత్త. పెట్టెలు నిండుతున్నాయని తీసి తగలబెడతారు.

మూడింటిలోనూ ఒకటే సూత్రం. ఆపద మీరే తేవాలి, మీరే తీర్చాలి, మధ్యలో పుట్టే భయాన్నీ కృతజ్ఞతనూ పెట్టెలో వేసుకోవాలి.

చివరికి కంపెనీకే సిగ్గేసింది. అంతకుముందు ఒకే విలేజర్‌ను పదేపదే కరిపించి పదేపదే నయం చేస్తే డిస్కౌంటు మీద డిస్కౌంటు పేరుకునేది. 2023 సెప్టెంబరు మార్పుతో అది ఒక్కసారికే పరిమితమైంది. అదే ఏడాది ప్రయోగంగా ఇంకో సంస్కరణ ముందుకు తెచ్చారు. ఏ ప్రాంతపు లైబ్రేరియన్ ఆ ప్రాంతపు పుస్తకాలే అమ్మాలన్నారు. మెండింగ్ కావాలంటే బురదనేలలో పుట్టి, పనిలో ఆఖరి మెట్టు దాకా ఎదిగినవాడి దగ్గరే దొరకాలన్నారు. బురదనేలలో ఊళ్లు వాటంతట అవి పుట్టవు. మీరే జనాన్ని తీసుకెళ్లి కాపురాలు పెట్టించాలి. అంతే, గగ్గోలు లేచింది. ‘మా ఆట తీరు మీద దెబ్బ’ అన్నారు. ‘ఇంత శ్రమ ఎవడు పడతాడు’ అన్నారు. అప్పటిదాకా పీఠం పగలగొట్టిన ప్రతిసారీ ఉద్యోగం పోగొట్టుకున్నవాడు గడిలోంచి చూస్తూ ‘హ్మ్’ అన్నాడు.

ఇక్కడ ఎవరో ఒకరు తప్పక గొంతు సవరించుకుంటారు. ‘అవి బొమ్మలండీ, వాటికి నొప్పేమిటి?’ నిజమే. వాటికి నొప్పి లేదు, నాకు వాటి మీద కన్నీళ్లూ లేవు. నా ఫిర్యాదు మీ తెలివి మీద. అడిగేవాడు లేడు, అద్దె లేదు, ఈఎంఐ లేదు. లోకమంతా మీదే. చేపలు పట్టుకున్నా, పాత పెట్టెలు వెతుక్కున్నా మెండింగ్ పుస్తకం దొరికే అవకాశం ఉంది. అంతటి స్వేచ్ఛ చేతికిస్తే మీరు మొట్టమొదట కట్టిన కట్టడం గడుల వరస. పైగా దాన్ని ఎలా కట్టాలో, ఏ జాంబీని ఏ గడి ముందు నిలపాలో, నిట్‌విట్‌ను ఏ గోతిలోకి దొర్లించాలో వంటల కార్యక్రమం గొంతుతో వీడియోలు చేసి పదేళ్ల పిల్లలకు నేర్పుతున్నారు. పిల్లవాడు తనంతట తానైతే ఆ గోధుమ చేలో గంతులేసేవాడు, గోలెమ్ ఇచ్చే పువ్వు చూసి మురిసేవాడు.

ఇంకొందరు తల్లిదండ్రులు ‘మావాడు ఆట ఆడుతూనే ఎకనామిక్స్ నేర్చుకుంటున్నాడు’ అని మురిసిపోతుంటారు. గిరాకీ పెరిగితే ధర పెరగడం వరకూ నేర్చుకుంటే అది ఎకనామిక్సే. ముప్పు తోలుకొచ్చి, రక్షకుడి వేషం కట్టి, చప్పట్లు కొట్టించుకుని, రాయితీ పుచ్చుకోవడం నేర్చుకుంటే మాత్రం సబ్జెక్టు పేరు వేరు. కుర్రాడికి కామర్స్ సీటు కోసం తిరగకండి. నేరుగా పార్టీ ఆఫీసుకు తీసుకెళ్లండి, టికెట్ ఖాయం.

మోజాంగ్ వారికి ఒకటే మనవి. కొత్త దిమ్మెలొద్దు, కొత్త జంతువులొద్దు. ఆ ఖాతాలో రెండు అంకెలు అటూ ఇటూ మార్చండి. కృతజ్ఞతకు రోజూ తరుగు పెట్టండి. చేసిన హానికి తరుగు తీసేయండి. జాంబీని గడి దాకా తోలుకొచ్చినవాడి పేరు, సీసా తాగి ఊళ్లోకి వచ్చినవాడి పేరు కూడా అందులో పడేలా చూడండి. నాలుగు దుంగలు నరికి పచ్చ తీసుకునేవాడికి దీంతో పైసా నష్టం లేదు. నిన్నటి ధరే నేడూ, నేటి ధరే రేపూ. నష్టపోయేవాళ్ల జాబితా కోసం మీరు సర్వేలు చేయించనక్కర్లేదు. మార్పు వచ్చిన మర్నాడు ‘ఆట నాశనమైపోయింది’ అని ఎవరి గొంతు ముందుగా లేస్తే, తనిఖీ ఆయన హాలు నుంచే మొదలుపెట్టండి.