హీరో ఎక్కడ దూకాడు?

దూరం వేరు, స్థానభ్రంశం వేరు అని ఫిజిక్స్ పుస్తకాలు మొత్తుకుంటాయి. జూబ్లీహిల్స్‌లో రోడ్డుకి అవతల కనిపిస్తున్న ఇడ్లీ బండి దగ్గరికి కారేసుకుని వెళ్తే పుస్తకం అక్కర్లేదు. డివైడర్ పట్టుకుని యూటర్న్ దాకా పోయి వెనక్కొచ్చేసరికి దూరం కిలోమీటరు పైమాటే, స్థానభ్రంశం మాత్రం రోడ్డు వెడల్పంత. తినేసి ఇంటికొస్తే అదీ సున్నా. పెట్రోలు మాత్రం దూరం లెక్కనే తాగుతుంది.

ఎక్కడున్నామో చెప్పాలంటే ఓ మూలబిందువు కావాలి. రోడ్డు నంబర్లు పనికిరావు, 36 పోయి 45లో కలిసే పేట మాది. అందుకే అందరూ పెద్దమ్మ గుడినే మూలబిందువు చేసుకున్నారు. 2020లో తెరిచిన దుర్గంచెరువు తీగల వంతెన మీద స్పీడోమీటర్ చూసి మురిసిపోతాం కానీ, అది ఆ క్షణపు వడి. చెక్‌పోస్ట్ చేరేసరికి మన సగటు వడీ, ఫుట్‌పాత్ మీద నడిచే పెద్దాయన వడీ ఒకటే. పైగా సిగ్నల్ దగ్గర పక్క బస్సు కదిలితే మనమే వెనక్కి పోతున్నామని ఉలిక్కిపడి బ్రేకు తొక్కుతాం.

ఆ భ్రమే సినిమావాళ్ల పెట్టుబడి. బ్లాక్ అండ్ వైట్ రోజుల్లో కారుని స్టూడియోలో నిలబెట్టి, వెనక తెర మీద రోడ్డుని పరిగెత్తించేవారు. ఇద్దరు కుర్రాళ్లు బంపర్ పట్టుకుని ఊపితే చాలు, జంట ఊటీ చేరినట్టే. ఇప్పుడు ఆ తెర పోయి గ్రీన్ మ్యాట్ వచ్చింది.

రామానాయుడు స్టూడియోకి కూతవేటు దూరంలో ఉండే మా మేనల్లుడు ఇంటర్ చదువుతున్నాడు. టీవీలో సినిమా చూస్తూ, "మావయ్యా, హీరో మేడ మీంచి దూకి కింద పడేలోపు విలన్ బావమరిదితో సహా ముగ్గురు నోళ్లు తెరిచారు. అంతసేపు పడుతుందా?" అన్నాడు.

కాగితం తీశాం. మేడ 20 మీటర్లనుకుంటే పడటానికి దాదాపు 2 సెకన్లు. హీరో అయినా, ఇటుకరాయి అయినా అంతే. కానీ కెమెరాలో సెకనుకి 60 ఫ్రేములు తీసి, తెర మీద 24 చొప్పున వదిలితే ఆ 2 సెకన్లు 5 అవుతాయి. కాలం రెండున్నర రెట్లు సాగింది కదా అని త్వరణం అంతే తగ్గి ఊరుకోదు. సూత్రంలో కాలానికి వర్గం ఉంది, కాబట్టి ఆరుంబావు రెట్లు తగ్గుతుంది. 9.8 కాస్తా 1.57కి దిగింది. చంద్రుడి మీద 1.62!

"అంటే హీరో చంద్రుడి మీద దూకాడన్నమాట."

"చూసేవాళ్ల కంటికి అంతేరా."

"అక్కడ గాలి ఉండదు కదా మావయ్యా, మరి ఆ జుట్టు ఎలా ఎగురుతోంది?"

"కెమెరా పక్కన పెద్ద ఫ్యాన్ పెడతారు."