మేరియన్ దీవిలో పిల్లుల పోస్టింగ్

గిట్టని ఉద్యోగిని మారుమూలకి తోలేస్తే దాన్ని పనిష్మెంట్ పోస్టింగ్ అంటారు. 1949లో ఐదు పిల్లులకు మన ఉద్యోగులెవరికీ పడనంత దూరం పోస్టింగ్ పడింది. కేప్‌టౌన్‌కి ఆగ్నేయంగా రెండు వేల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, అంటార్కిటికా వైపు పోయే దారిలో ఉన్న దీవి, పేరు మేరియన్. చెట్టన్నది లేదు. చలి, వాన, ఈదురుగాలి షిఫ్టులు మార్చుకోకుండా మూడూ ఒకేసారి డ్యూటీ చేస్తుంటాయి. దక్షిణాఫ్రికా అప్పటికి కాస్త ముందే అక్కడ జెండా పాతి వాతావరణ కేంద్రం పెట్టింది. గాలి ఎటు వీస్తోందో రాసుకునే బాబులకి ఎలుకల బెడద వచ్చింది. పిల్లుల్ని దింపారు. జాబ్ చార్టు ఒక్క ముక్కే: ఎలుకల్ని పట్టవలెను.

ఆ చిట్టెలుకలూ స్థానికులేం కావు. 19వ శతాబ్దంలో సీల్ చర్మాల కోసం వచ్చిన ఓడల్లోంచి దిగి, సీళ్ల వేట ముగిశాక కూడా ఉండిపోయినవి. వచ్చిన మనుషులు సరుకు చూసుకుని వెళ్లిపోయారు గానీ, తమతో ఎవరు దిగారో, ఎవరు తిరిగి ఎక్కారో లెక్క చూసుకోలేదు.

ఇక పిల్లి. ఎంతైనా గవర్నమెంటు ఉద్యోగి. చీకట్లో సందుల్లో దూరి పరుగెత్తే ఎలుకను పట్టాలంటే ఒళ్లు వంచాలి. పక్కనే నేలలో బొరియ తవ్వుకుని, ఒకే గుడ్డు పెట్టుకుని, కదలకుండా కూర్చున్న పెట్రెల్ పక్షి ఉంది. నేల మీద నడిచొచ్చి పక్షిని వేటాడే జంతువు ఆ దీవిలో అంతకుముందు లేదు గనక దానికి భయమన్నదే తెలియదు. మీరైతే దేన్ని పడతారు? 1977 నాటికి సిబ్బంది ఐదు నుంచి దాదాపు 3,400కి పెరిగింది. వాళ్ల మెస్ ఖర్చు ఏడాదికి సుమారు నాలుగున్నర లక్షల సముద్రపక్షులు. ఎలుకల శాఖ మాత్రం చెక్కుచెదరలేదు.

అప్పుడు పైవాళ్లకి మెలకువ వచ్చింది. ఛార్జిమెమో ఇవ్వడానికి పిల్లులు దొరకవు. కాబట్టి ఏ సర్వీస్ రూల్స్‌లోనూ లేని పద్ధతి కనిపెట్టారు: కొన్ని పిల్లులకి పిల్లిజాతికే వచ్చే ఒక వైరస్ ఎక్కించి వదిలారు. అది చాలావాటిని తీసుకుపోయింది, మిగిలినవి మొండికేశాయి. వాటి కోసం తుపాకులు, దీపాలు పట్టుకుని రాత్రిళ్లు దీవంతా తిరిగారు, బోన్లు పెట్టారు, విషం పెట్టారు. 1991లో గానీ చివరి పిల్లి పోలేదు. నియామకానికి ఒక ఓడ ప్రయాణం చాలింది, రద్దుకి పధ్నాలుగేళ్లు.

అందరూ చేతులు దులుపుకున్నారు. ఎలుకలు కూడా.

పిల్లి నీడ పోయింది. దానికి తోడు భూమి వేడెక్కి దీవిలో చలి పదును తగ్గింది, ఎలుకల కాన్పుల కాలం పొడుగైంది. ముందు నేలలోని గొంగళిపురుగుల్నీ సాలెపురుగుల్నీ ఖాళీ చేశాయి. పురుగుల గిన్నె అడుగంటాక తలెత్తి చూస్తే, ఎదురుగా కొండలా కూర్చున్న ఆల్బట్రాస్ పిల్ల.

ఈ పిల్ల సంగతి కొంచెం చెప్పాలి. రెక్కలు చాస్తే పదడుగులు దాటే వాండరింగ్ ఆల్బట్రాస్ జంట రెండేళ్లకి ఒకే గుడ్డు పెడుతుంది. పొదగడానికే రెండున్నర నెలలు. తర్వాత పిల్ల తొమ్మిది నెలలపాటు మట్టి, గడ్డి కలిపి కట్టిన గూటి దిబ్బ మీదే కూర్చుంటుంది. అమ్మానాన్నలు వేల కిలోమీటర్లు పోయి మేత తెస్తారు. పిల్ల పది కిలోలు తూగుతుంది, ఎలుక ముప్పై గ్రాములు. రాత్రి ఒకటి వస్తుంది, తర్వాత మరో నాలుగు. వీపు మీదో, తల వెనకో చర్మం కొరుకుతాయి. పిల్ల ఒకసారి విదిలించుకుంటుంది, మెడ తిప్పి చూస్తుంది, మళ్లీ కూర్చుంటుంది. లేచి పోవాలన్న ఊహ దానికి రాదు. గూడు వదలకూడదన్న ఒక్క పాఠమే వాళ్ల వంశంలో నేర్పారు, ఆ పాఠాన్ని అది తు.చ. తప్పకుండా పాటిస్తుంది. మర్నాడు పగలు బతికే ఉంటుంది. రాత్రి ఎలుకలు అదే పుండు దగ్గరికి వస్తాయి. ఇలా కొన్ని రోజులు.

మేరియన్‌లో ఇలాంటి గాయాలు మొదట 2003లో కంటబడ్డాయి. 2023లో ఎలుకలు పెద్ద ఆల్బట్రాస్‌లను కూడా చంపాయని తేలింది. ప్రపంచంలోని ఈ జాతి పక్షుల్లో సుమారు నాలుగోవంతు గుడ్లు పెట్టేది ఈ ఒక్క దీవిలోనే.

ఎలుకల్ని తిట్టకండి. పిల్లి తన జాబ్ చార్టు తప్పింది గానీ, ఎలుకకి అసలు జాబ్ చార్టే ఎవరూ ఇవ్వలేదు.

ఇప్పుడు కొత్త పథకం. హెలికాప్టర్లతో దీవి మొత్తం మీద, ఒక్క గజం వదలకుండా, వందల టన్నుల విషపు గుళికలు చల్లాలి. దీవి విస్తీర్ణం సుమారు 30 వేల హెక్టార్లు. హెక్టారుకి వెయ్యి రాండ్ల చొప్పున దాతలు తలా కొంత భరించవచ్చన్నారు. మన లెక్కలో సుమారు ఐదు వేల రూపాయలు. ఈ ధర వినగానే మనవాళ్లు రిజిస్ట్రేషన్ ఎప్పుడని అడుగుతారు గనక ముందే చెబుతున్నాను, భూమి ఇవ్వరు. ముహూర్తం మాత్రం ఇప్పటికే పలుమార్లు వాయిదా పడింది.

అట్లాంటిక్‌లో బ్రిటన్ వారి గాఫ్ దీవిలో ఈ పనే 2021లో జరిగింది. అక్కడి ఎలుకలు మామూలు వాటికన్నా సగం పెద్దవి. ఏటా 20 లక్షల గుడ్లు, పిల్లలు వాటి పాలవుతున్నాయని అంచనా. విషం చల్లేముందు ఆ దీవికే చెందిన గాఫ్ బంటింగ్, గాఫ్ మూర్‌హెన్ పక్షుల్ని, పొరపాటున గుళికలు తినకుండా, కొన్నింటిని పట్టి పంజరాల్లో ఉంచారు. బలపరీక్ష ముగిసేదాకా ఎమ్మెల్యేల్ని రిసార్టులో దాచడం మనకి కొత్త కాదు, కానీ ఆ పక్షులు బయటికి వచ్చాక పార్టీ మారలేదు. విషం చల్లాక వచ్చిన గుడ్ల కాలంలో గూళ్లలో పక్షి పిల్లలు బాగా బతికాయి. కానీ డిసెంబరులో కెమెరాకి ఒక ఎలుక చిక్కింది. కొండను తవ్వి ఎలుకను పట్టారని మనం వెక్కిరిస్తాం. అక్కడ ఒక్క ఎలుకను వదిలితే కొండంతా మళ్లీ తవ్వాలి. అయినా ఇది కాని పనేం కాదు: ఆస్ట్రేలియా వారి మాక్వారీ దీవిని 2014లో, బ్రిటన్ వారి సౌత్ జార్జియాని 2018లో ఎలుకలు లేనివిగా ప్రకటించారు. డబ్బు మాత్రం మంచినీళ్లలా పోయాల్సి వచ్చింది.

మేరియన్‌కి ఇప్పుడు వెళ్లేవాళ్ల జేబులు, సంచుల మూలలు, బూట్ల వెల్‌క్రో కూడా శుభ్రం చేసి, గడ్డి గింజ కూడా దాటకుండా చూసి ఓడ ఎక్కిస్తున్నారు. రెండు వందల ఏళ్ల ఆలస్యానికి చింతించడం తప్ప ఇంకేమంటాం.

దాని పక్కనే, సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ప్రిన్స్ ఎడ్వర్డ్ అని చిన్న దీవి ఉంది. అక్కడ వాతావరణ కేంద్రం లేదు. పరిశోధకులకి కూడా అరుదుగానే అనుమతి. ఎలుకలు లేవు గనక పిల్లుల్ని వేయలేదు, పిల్లుల్ని వేయలేదు గనక వైరస్ తేలేదు, తుపాకులు కొనలేదు, హెలికాప్టర్లకి టెండర్లు పిలవలేదు. ఆల్బట్రాస్‌లు గుడ్లు పెట్టుకుంటున్నాయి. అభివృద్ధిలో ఇంత వెనకబడ్డ దీవి గురించి ఏ సమీక్షా సమావేశంలోనైనా ఎవరైనా రెండు ముక్కలు మాట్లాడతారా?