ఒంటికంటి స్కానరు ఆత్మకథ

నన్ను జిరాక్స్ మిషన్ అంటే నాకు ఒళ్లు మండుతుంది. అది పుస్తకాన్ని బోర్లా పడుకోబెట్టి, నెత్తిన మూత పెట్టి, వెన్ను పటపటలాడేదాకా నొక్కిస్తుంది. నా పద్ధతి వేరు. నా కింద పుస్తకం వెల్లకిలా, మనిషి చదువుకునేటట్టే తెరిచి ఉంటుంది. నేను పైనుంచి ఒంటికంటితో చూస్తాను. పుటలు తిరిగేకొద్దీ ఎడమపక్క మందం పెరుగుతుంది, కుడిపక్క తగ్గుతుంది. కింద ఉన్న రెండు పలకలు దాన్ని బట్టి పైకీ కిందికీ జరిగి పుస్తకాన్ని సమంగా ఉంచుతాయి. కుట్టు దగ్గర లోపలికి వంగిపోయిన పంక్తులను లెక్కగట్టి తిన్నగా పరుస్తాను. అంచుల నీడలు తుడిచేస్తాను. తాత వయసు పుస్తకానికి నొప్పి తెలియకుండా బొమ్మ తీయడానికే నన్ను పుట్టించారు.

పుట్టించింది మినోల్టా అనే జపాన్ సంస్థ. నా పేరు పీఎస్ 7000. ఏ బోల్టు ఎక్కడ బిగించారో చెప్పి మీ కాలం వృథా చేయను. ఒక్క ముచ్చట మాత్రం చెప్పాలి. పెళ్లయితే ఆడపిల్ల ఇంటిపేరు మారుతుందంటారు. నేను హైదరాబాదు వచ్చాక, 2003లో, నా పుట్టిల్లే ఇంటిపేరు మార్చుకుంది. కొనికాతో కలిసి కొనికా మినోల్టా అయింది.

నన్ను ఇంత దూరం రప్పించిన ఆలోచన మాత్రం మనవాడిదే. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో కృత్రిమ మేధ మీద పనిచేసి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారు. పది లక్షల పుస్తకాలు స్కాన్ చేయాలి, ఎక్కడున్నవాడైనా పైసా ఇవ్వకుండా నెట్‌లో చదువుకోవాలి. అదీ ఆయన సంకల్పం. అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ యంత్రాలకు డబ్బిచ్చింది. మనుషులనూ పుస్తకాలనూ ప్రధానంగా ఇండియా, చైనా సమకూర్చాయి. మన దేశంలో దీనికి డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అని పేరు పెట్టారు. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ పెద్దదిక్కు, హైదరాబాదులో ట్రిపుల్ ఐటీ ఒక ముఖ్య కేంద్రం. 2003లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం వెబ్‌సైటును ప్రారంభించారు. ఆ వేడుకకు నన్నెవరూ పిలవలేదు. నేనేమో నగరంలోని ఒక పాత గ్రంథాలయం మేడమీద, కర్టెన్లు దించిన గదిలో, పొద్దస్తమానం పుటలు చూస్తున్నాను.

పొద్దున్నే కింది బీరువాల్లోంచి పుస్తకాలు అట్టపెట్టెల్లో వచ్చేవి. ఒకరు దుమ్ము దులిపేవారు, ఒకరు బార్‌కోడ్ అంటించేవారు, ఇంకొకరు పుస్తకం పేరూ రచయిత పేరూ టైపు చేసేవారు. ఆ తరవాత నా వంతు. అంగుళానికి 600 చుక్కల చొప్పున, నలుపు తెలుపుల్లో, పుటకో టిఫ్ ఫైలు. తీసింది తీసినట్టు ఒక ఫోల్డర్లోకి, వంకర సరిచేసి మరకలు తుడిచింది రెండో ఫోల్డర్లోకి వెళ్లేది. బొమ్మలోని అచ్చును అక్షరాలుగా మార్చి దాచడానికి ఇంకో ఫోల్డరు ఉండేది. ఇంగ్లీషు పుస్తకమైతే అది నిండేది. తెలుగు పుస్తకమైతే ఖాళీగా పడుండేది. ఒత్తులూ గుణింతాలూ పెనవేసుకున్న మన పాత అచ్చును నమ్మకంగా చదవగల ఓసీఆర్ అప్పటికింకా ప్రయోగశాలల్లోనే ఉంది. అంటే నా చేతిమీదుగా వెళ్లిన తెలుగంతా బొమ్మలే. లోపల ఏ మాటుందో కంప్యూటరుకు తెలియదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, నా బాధంతా ఇక్కడే మొదలవుతుంది.

కానీ ముందు నా గొప్ప చెప్పుకోనివ్వండి. వావిళ్ల వారు అచ్చువేసిన కావ్యాలు చూశాను. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు గారు పూనుకుని ఈ ఊళ్లోనే స్థాపించిన విజ్ఞాన చంద్రికా మండలి పుస్తకాలు చూశాను. భారతి సంచికలు చూశాను. తెలంగాణలో కవులే లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి గారు 354 మంది కవులను పోగుచేసి జవాబిచ్చిన 1934 నాటి గోలకొండ కవుల సంచిక కూడా నా కంటి కిందే పుట పుటగా తిరిగింది. ఆ కాలపు చెక్కగుజ్జు కాగితంలో ఆమ్లం ఉంటుంది. బయట చెద పట్టకపోయినా లోపలినుంచి తినేస్తుంది. కొన్ని పుటలు తిప్పితే మూల విరిగి కింద పడేది. మా దగ్గర ఒక అమ్మాయి ఉండేది. "అన్నా, ఈ రెండు పేజీలు అతుక్కున్నయ్, జర ఆగు" అని పక్కవాడిని ఆపి, పోస్టుకార్డు అంచు మధ్యలోకి పోనిచ్చి నిదానంగా విడదీసేది. ఆమె షిఫ్టులో వచ్చిన ఫైళ్లు ఈనాటికీ చూడండి, ఒక్క పుట తప్పదు.

2007 నవంబరులో కార్నెగీ మెలన్ వాళ్లు లెక్క చెప్పారు. మొత్తం పుస్తకాలు పదిహేను లక్షలు దాటాయట. చైనీసు 9,70,000, ఇంగ్లీషు 3,60,000. ఆ తరవాత మూడో పేరు ఏమనుకున్నారు? తెలుగు, 50,000. అరబ్బీ కూడా మన తరవాతే, 40,000. ప్రపంచ పటంలో మన భాష అంత ముందు వరసలో కూర్చున్న సందర్భాలు నాకైతే ఇంకెక్కడా తగల్లేదు. ఆ వరసలో కూర్చోబెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఇక కోపం. ఆ గదిలో సాయంత్రం అయ్యేసరికి అడిగే ప్రశ్న ఒకటే: "ఇయ్యాల ఎన్ని పేజీలైనయ్?" ఏ పుస్తకం అని కాదు, ఎలా వచ్చింది అని కాదు. డిగ్రీ చేతపట్టుకుని ఉద్యోగం దొరక్క వచ్చిన పిల్లలకు పుటల లెక్కన జీతం. వాళ్లను నేను తప్పుపట్టను. పుటకింత అన్నప్పుడు అతుక్కున్న రెండింటినీ ఒకటిగా తిప్పేస్తే పోయేదేముంది, విడదీస్తూ కూర్చుంటే కూలి పడిపోతుంది. ఆ లెక్క పెట్టినవాళ్లదే తప్పు.

మరకలు తుడిచే సాఫ్ట్‌వేరుది ఇంకో ఘనత. కాగితం మీది చిన్న చుక్కలన్నీ దాని దృష్టిలో దుమ్మే. ఇంగ్లీషు పుటలో చుక్క పోతే చుక్కే పోతుంది. తెలుగులో సున్నా పోతే? మసకబారిన అచ్చులో తలకట్టు తెగితే? నలుపు తెలుపులు తప్ప మూడో రంగు తెలియనట్టు నన్ను నడిపారు కాబట్టి, గోధుమరంగుకు తిరిగిన కాగితం నల్లటి మచ్చలుగా మారేది. రచయితల ఫొటోలు మసిగుడ్డల్లా వచ్చాయి.

ఇవన్నీ ఓర్చుకోవచ్చు. పేర్లు టైపు చేసిన తీరును మాత్రం క్షమించలేను. పుస్తకం పేరు రోమన్ లిపిలో కొట్టాలి. ఎవరి చెవికి ఎలా వినబడితే అలా కొట్టారు. ఒకే కవి నాలుగైదు స్పెల్లింగుల్లో నలుగురైదుగురు కవులయ్యాడు. ముఖపత్రం చిరిగిన పుస్తకానికి మొదటి అధ్యాయం పేరే దిక్కు. పీఠిక రాసినాయన రచయిత, అచ్చువేసినాయన సంపాదకుడు. మా గది జాబితా ప్రకారం తెలుగులో అందరికన్నా ఎక్కువ రాసిన రచయిత పేరు ‘అందుబాటులో లేదు’. పేర్లు కలవకపోతే ఒకచోట అయిపోయిన పుస్తకమే ఇంకోచోట కొత్తదనుకుని మళ్లీ స్కాన్ చేస్తారు. అలాగే చేశారు కూడా. బొమ్మలోని మాటలు కంప్యూటరు చదవలేదని ముందే చెప్పాను కదా. కాబట్టి పుస్తకం దొరకాలంటే ఆ పేరొక్కటే దారి. అదే తప్పితే పుస్తకం ఉన్నట్టా, లేనట్టా? ఇంతా చేసి, మా గది గుమ్మం పక్కనే చెక్క సొరుగుల కార్డు క్యాటలాగు ఉండేది. ఎప్పటి గ్రంథపాలకుడో గుండ్రటి చేతిరాతలో రచయిత, పేరు, ముద్రణ, సంవత్సరం అన్నీ సరిగ్గా రాసిపెట్టి పోయాడు. టైపు చేసేవాళ్లలో ఒక్కరూ ఆ సొరుగు లాగి చూడలేదు. దానిమీద టీ గ్లాసులు పెట్టుకునేవారు.

వెబ్‌సైటు తెరిస్తే పుస్తకం పుట తరవాత పుటగా వచ్చేది. టిఫ్ బొమ్మ చూడాలంటే బ్రౌజరుకు వేరే ప్లగిన్ వేసుకోవాలి. మొత్తం పుస్తకం ఒక్కసారిగా దించుకునే వీలు లేదు. విసిగిపోయిన పాఠకులే డౌన్‌లోడర్లు రాసి ఒకరికొకరు పంచుకున్నారు. పైగా కాపీరైటు గొడవ. మన చట్టంలో రచయిత పోయాక 60 ఏళ్లదాకా హక్కు ఉంటుంది. 1915లో పోయిన గురజాడతో చిక్కులేదు. 1953లో పోయిన సురవరం వారి రచనలు 2013 చివరిదాకా ఆగాలి. నాకు పుట తెలుసు గానీ రచయిత చనిపోయిన తేదీ ఎలా తెలుస్తుంది? అది చూడాల్సినవాళ్లు పుటలు లెక్కపెడుతున్నారు. చివరికి 2017 ప్రాంతంలో ఆ సైటు మూతపడింది.

నా పిల్లలన్నీ గంగలో కలిశాయనుకున్నాను. కానీ అంతకుముందే కార్ల్ మాలమూద్ అనే అమెరికా ఆయన నడిపే పబ్లిక్ రిసోర్స్ సంస్థ నాలుగు లక్షలకు పైగా పుస్తకాలను ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేర్చి పెట్టింది. అక్కడ ఒక్కోదానికి ‘ఇన్ ఎర్నెట్ డీఎల్ఐ 2015’ అని మొదలై అంకెలతో ముగిసే గుర్తు ఉంటుంది. తప్పుడు పేర్లు కూడా యథాతథంగా చేరాయి. పుస్తకాలను ఒక్కొక్కటే తెరిచి, ముఖపత్రం చూసి, అసలు పేరు తెలుగులో రాసిపెట్టే పని తెలుగు వికీపీడియా వాళ్లు పాత సైటు మూతపడకముందే మొదలెట్టారు. జీతం లేదు, పుటల లెక్కా లేదు. ఈలోగా గూగుల్ ఓసీఆర్ తెలుగు నేర్చుకుంది. నేను బొమ్మలుగా వదిలినవాటిని వికీపీడియాకు తోబుట్టువైన వికీసోర్స్‌లో అక్షరాలుగా మార్చి తప్పులు దిద్దుతున్నారు. అప్పుడు ఖాళీగా వదిలిన ఫోల్డరు ఇప్పుడు ఇంకోచోట నిండుతోంది.

నా గతి ఏమైందంటారా? పథకం డబ్బు ఆగింది, పిల్లలు తలా ఒక దిక్కు వెళ్లిపోయారు. నాకు జోడించిన కంప్యూటరు చచ్చింది. నాది స్కజీ తీగ. కొత్త కంప్యూటర్లలో అది పట్టే చోటే లేదు. కన్ను బాగానే ఉంది, చూసింది చెప్పుకునే నోరే లేదు. కొన్నాళ్లు దుప్పటి కప్పారు. తరవాత ఆ దుప్పటి ఎవరికో అవసరమైంది. ఆపైన నన్ను నలుగురు మోసుకెళ్లి స్టోరు రూములో దించారు. పుస్తకాలు పడుకున్న పలకల మీద పాత దినపత్రికల కట్టలు, వాటిమీద విరిగిన ఫ్యాను రెక్క. వానాకాలం గోడ చెమ్మగిల్లితే నా అద్దం మీద బూజు. ఆడిట్‌కు వచ్చినాయన నన్ను అటూ ఇటూ చూసి జాబితాలో రాసుకున్నాడు: ‘పాత జిరాక్స్ మిషన్ – 1, పనిచేయదు’. తుక్కు కొనేవాడు వచ్చి నా ధర కిలోల్లో అడిగాడు. అతనికీ బేరం కుదరలేదు.

మొన్న ఎండాకాలంలో ఒక అమ్మాయి వచ్చింది. వికీసోర్స్‌లో ఏదో పుస్తకం దిద్దుతోందట. "సర్, స్కానింగ్‌లో రెండు పేజీలు మిస్సైనయ్. ఒరిజినల్ ఉంటదా?" అని అడిగింది. గ్రంథపాలకుడు పైన వెతికించాడు, దొరకలేదు. ‘తీసివేయాల్సినవి’ అని కట్టిన మూటలు నా పక్కనే ఉన్నాయి. అటెండరు మూడో మూటలోంచి పుస్తకం లాగాడు. ఆ పిల్ల పుటలు తిప్పింది. ఆ రెండూ అతుక్కునే ఉన్నాయి. గోటితో మెల్లిగా విడదీసి, కిటికీ దగ్గర నిలబడి, సెల్‌ఫోనుతో రెండు ఫొటోలు తీసింది. పంక్తులు కుట్టు దగ్గర వంగిపోయాయి, మూలన ఆమె బొటనవేలు పడింది. నేనైతే ఆ అంచు తుడిచేవాణ్ని. ఆమె మాత్రం ఫొటో పెద్దది చేసి చూసుకుని, "అక్షరాలు కనబడుతున్నయ్ సర్, సరిపోతది" అని, పుస్తకాన్ని మళ్లీ మూటలో వేయొద్దని అటెండరుతో గొడవ పెట్టుకుంది.