మాయా శశిరేఖ బాబాయి

ప్రతి అపార్టుమెంటులోనూ ఇలాంటి బాబాయి ఒకాయన ఉంటారు. మా దాంట్లో రెండో అంతస్తు. 2014లో సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో దగ్గరుండి బిగించుకున్న కంప్యూటర్‌కి ఇప్పటికీ రాత్రిపూట దుప్పటి కప్పుతారు. కొత్తది కొనుక్కోమంటే, వట్టిపోయిన ఆవుని కబేళాకి తోలమన్నట్టు చూస్తారు.

2021లో విండోస్ 11 వచ్చింది, గొంతెమ్మ కోరికలతో. టీపీఎం 2.0 అనే చిప్పు కావాలి, సెక్యూర్ బూట్ కావాలి, ఇంటెల్ ప్రాసెసరైతే ఎనిమిదో తరమో ఆపైదో కావాలి. బాబాయిది నాలుగో తరం. ఆ ఇంట్లో ఉన్న చిప్పులు అరటికాయవే.

"టీపీఎం అంటే తాళంచెవులు దాచే డబ్బా, అబ్బాయ్. సెక్యూర్ బూట్ అంటే గుమ్మంలో వాచ్‌మన్. మెషీను లేచేటప్పుడు సరైన సంతకం లేనివాణ్ణి లోపలికి రానివ్వడు. మనకి రెండూ లేవు" అన్నారు, ఆస్తులు ప్రకటిస్తున్నంత గర్వంగా.

2025 అక్టోబర్ 14న విండోస్ 10 మద్దతు గడువు తీరింది. బాబాయి తగ్గలేదు. మెషీన్లో లినక్స్ వేసి, దానిమీద మెషీన్లోనే ఇంకో ఉత్తుత్తి మెషీన్ని, అంటే వర్చువల్ మెషీన్ని, సృష్టించే వర్చువల్‌బాక్స్ పెట్టి, అందులోకి విండోస్ 11కి పరకాయ ప్రవేశం చేయించారు. 2022లో వచ్చిన ఏడో వెర్షన్ నుంచి వర్చువల్‌బాక్స్ లేని టీపీఎంని ఉన్నట్టు చూపిస్తుంది. మాయాబజార్‌లో ఘటోత్కచుడు శశిరేఖై కూర్చుంటే మగపెళ్లివారు నమ్మలేదూ? విండోస్ కూడా అలాగే నమ్మి, ఏకంగా తాళి కట్టేసింది.

"ఇది మోసం కాదా బాబాయి గారూ?"

"ఐబీఎం వాళ్లు 1972లోనే ఒక్క మెషీన్ని పది మెషీన్లుగా నమ్మించే వీఎం/370 తెచ్చారు. నాది సంప్రదాయం!"

సంప్రదాయం బాగానే ఉంది, తిండే చాలదు. ఉన్న ఎనిమిది జీబీ ర్యామ్‌లో కొత్తల్లుడికి నాలుగు వడ్డిస్తే ఇంటివాళ్లకి మిగిలింది నాలుగు. ఇద్దరూ అర్ధాకలే. అందుకే బాబాయి స్విచ్ నొక్కి స్నానానికి వెళ్తారు. సంధ్యావందనం ముగిసేసరికి డెస్క్‌టాప్ ప్రత్యక్షమవుతుంది. పక్కనే ఇంకో వర్చువల్ మెషీన్లో విండోస్ ఎక్స్‌పీ కాపురం. పాత ప్రింటరు దాని మాట తప్ప ఎవరి మాటా వినదు.

"ఇంతకీ ఆ మాయా టీపీఎం ఎక్కడుంటుంది?"

"ఎక్కడేమిటి, హార్డ్‌డిస్కులో ఓ చిన్న ఫైలు."

"ఆ హార్డ్‌డిస్కుకి తాళం?"

బాబాయి కాఫీ చల్లారిపోతోందన్నారు.

మొన్న హార్డ్‌డిస్కు నిండిపోయిందని, వర్చువల్ మెషీన్ తాలూకు పెద్ద ఫైలు మాత్రం కొత్త డిస్కుకి ఎక్కించి, మిగతావి చెత్త అనుకుని ఊడ్చేశారు. టీపీఎం ఫైలూ అందులోనే పోయింది. విండోస్ లేవగానే, దాని డ్రైవుకి తాళం వేసే బిట్‌లాకర్ నీలం తెర చూపించి 48 అంకెల రికవరీ కీ అడిగింది.

"రాసుకోలేదా?"

"అదే డ్రైవులో దాస్తానంటే వద్దంది. సరే, ప్రింటు తీద్దామనుకున్నా. ప్రింటరు ఎక్స్‌పీ మాటే కదా వినేది! అందుకని పీడీఎఫ్‌గా ప్రింటు కొట్టా."

"ఆ పీడీఎఫ్?"

బాబాయి నీలం తెరని చూపించారు. "లోపలుంది."

లోపల ఇంటిపన్ను రసీదు కూడా ఉంది. అపార్టుమెంటు సెక్రటరీ కింద కూర్చుని దానికోసమే ఎదురుచూస్తున్నాడు. పిన్ని మాట్లాడకుండా లేచి, గోద్రెజ్ బీరువా తెరిచి, అసలు రసీదు తెచ్చి నా చేతిలో పెట్టింది. మళ్లీ తాళం వేసి, చెవి కొంగున ముడేసుకుంది.

బాబాయి ఆ ముడివంక తదేకంగా చూశారు.

"ఏమే, అది టూ పాయింట్ ఓయేనా?"