బండికి సింగారం, బుర్రకు చేతిరుమాలు

పాత మోటారు సైకిళ్ళ మీద మమకారం మళ్ళీ ఊపందుకుంది. జావా 2018లో తిరిగొచ్చింది, యెజ్డీ 2022లో వచ్చింది, 1996లోనే తయారీ ఆగిపోయిన ఆర్‌ఎక్స్ 100ను అది ఆగాక పుట్టిన కుర్రాళ్ళు కూడా వెతికి మరీ కొంటున్నారు. వీటితో పాటు పెద్దవాళ్ళ నోట ఒక మాటా తిరిగొచ్చింది: ఆ రోజుల్లో బండెక్కేవాడికి ఒక దర్జా, దానికి తగ్గ వేషం ఉండేవట. దర్జా సంగతి ఒప్పుకుంటాను. వేషం సంగతి మాత్రం కాస్త విచారించాలి. వేషమంటే మోటారు సైకిలు మీద వెళ్ళేటప్పుడు దెబ్బ తగలకుండా తొడుక్కునేవి అని అర్థం చెప్పుకుంటే, హైదరాబాదులో దిల్‌సుఖ్‌నగర్ నుంచి చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్బీనగర్ దాకా ఆ కాలంలో వాటిని తొడుక్కున్నది బండి ఒక్కటే. మనిషి ఉత్త తలతో వెళ్ళాడు.

సాక్ష్యం కావాలంటే ఆ ప్రాంతంలో ఎవరింట్లోనైనా పాత ఫొటో ఆల్బం తెరవండి. ట్యాంకుకు రెగ్జిన్ కోటు, ఆ కోటుకు కాగితాలు దాచుకునే జేబు. సీటుకు తొడుగు, ఆ తొడుగు మాసిపోకుండా దాని మీద ఇంకో తొడుగు. హ్యాండిల్ చివర్ల రంగురంగుల కుచ్చులు, హెడ్‌లైటుకు కనురెప్ప, ముందర ఇనప లెగ్ గార్డు, వెనక పిల్లల పేర్లు రాయించిన మడ్‌ఫ్లాపు. కొత్త బండి కొంటే ఇంటికన్నా ముందు కర్మన్‌ఘాట్ హనుమంతుడి దగ్గరికి వెళ్ళేది. అక్కడ పసుపు, కుంకుమ, పూలదండ, చక్రాల కింద నిమ్మకాయలు. దసరాకు మళ్ళీ అదే మర్యాద. వాన పడితే యజమాని ముందు బండి మీద కవరు కప్పి, అది ఎగిరిపోకుండా తాడు కట్టి, ఆ తర్వాత తాను చూరు కిందకు పరిగెత్తేవాడు. ఆపాటికి పూర్తిగా తడిసిపోయేవాడనుకోండి. పక్క డబ్బాలో ఉండేవి స్పేరు ప్లగ్గు, దాన్ని రుద్దడానికి గరుకు కాగితం, క్లచ్ తీగ, రెండు పానాలు. అంటే ప్రథమ చికిత్స పెట్టె కూడా బండిదే. అందులో మనిషి కోసం దూది ఉండ కూడా ఉండేది కాదు.

ఇప్పుడు మనిషిని చూద్దాం. నెత్తికి చేతిరుమాలు, అదీ క్రాఫు చెదరకుండా ఉండడానికి. కళ్ళకు చలువ అద్దాలు, రాత్రి ఏడు దాటినా సరే. బెల్‌బాటం ప్యాంటు, దాని అంచు కిక్కు రాడ్డుకు తగులుకునే అవకాశం ప్రతి స్టార్టుకూ ఉండేది. కాస్త హోదా వస్తే సఫారీ సూటు. చలికాలం పొద్దున్నే హయత్‌నగర్ వైపు వెళ్ళాల్సి వస్తే కోతి టోపీ, చొక్కా లోపల నిన్నటి దినపత్రిక. తెలుగు పత్రికలు పాఠకుడి గుండెకు అంత దగ్గరగా ఉన్న కాలం మళ్ళీ రాలేదు. ఈ మొత్తం వేషంలో బండి కోసం నిజంగా త్యాగం చేసింది పాదరక్ష ఒక్కటే. మైసూరులో తయారైన జావా, యెజ్డీలకు గేరూ కిక్కూ ఎడమ వైపున ఒకే రాడ్డు. అదే రాడ్డును తిప్పి పైకెత్తితే కిక్కవుతుంది, దించితే గేరవుతుంది. మద్రాసులో తయారైన పాత బుల్లెట్టుకు గేరు కుడి వైపు, బ్రేకు ఎడమ వైపు. కాబట్టి బూటు పైభాగం ఏ కాలికి అరిగిందో చూస్తే మనిషి మైసూరు బండివాడో మద్రాసు బండివాడో చెప్పేయవచ్చు. ఇక హవాయి చెప్పులతో బుల్లెట్టుకు కిక్కు కొట్టే వీరులుండేవారు. అమ్మీటరు ముల్లు మధ్యకు రాకముందే తొందరపడితే కిక్కు రాడ్డు ఎదురు తిరిగి పిక్క మీద తన అభిప్రాయం చెప్పేది.

దీన్ని మనుషుల అమాయకత్వం కింద కొట్టెయ్యడానికి లేదు. చట్టం పుస్తకాలు కూడా ఈ కథనే చెబుతాయి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 123వ నియమం ప్రకారం మోటారు సైకిలుకు వెనక కూర్చునేవాళ్ళు పట్టుకునే పిడి, కాళ్ళు పెట్టుకునే చోటు, బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రాన్ని కనీసం సగమైనా కప్పే కవచం ఉండాలి. మన చీర గార్డు అదే. 1988 చట్టంలోని 129వ సెక్షను బండి తోలేవాళ్ళకే కాదు, వెనక కూర్చునేవాళ్ళకు కూడా హెల్మెట్ ఉండాలంది. రెండూ చట్టాలే. మొదటిదాన్ని ఫ్యాక్టరీలోనే బండికి బిగించి పంపారు, కనుక తూచా తప్పకుండా అమలైంది. రెండోదాన్ని మనిషి తనంతట తాను తలకు పెట్టుకోవాలి, కనుక అటకెక్కింది. చీర కొంగుకు ఉక్కు కవచం దొరికింది. ఆ చీర కట్టుకున్న ఆవిడ తలకు మాత్రం మల్లెపూల మూరే దిక్కయింది.

లోకమంతా అప్పుడు ఇలాగే ఉందనుకోకండి. అరేబియా ఎడారుల్లో యుద్ధాలు చేసి బతికొచ్చిన టి. ఇ. లారెన్స్ 1935లో ఇంగ్లండులో బ్రఫ్ సుపీరియర్ మోటారు సైకిలు మీద వెళుతూ, సైకిళ్ళ మీదున్న ఇద్దరు కుర్రాళ్ళను తప్పించబోయి పడి తలకు దెబ్బ తగిలి పోయాడు. ఆయన్ను చూసిన డాక్టర్లలో ఒకడైన హ్యూ కెయిర్న్స్ ఆ తర్వాత సైన్యంలోని మోటారు సైకిలు ప్రమాదాలను పరిశీలించి, హెల్మెట్ ప్రాణాలు కాపాడుతుందని 1941లో వ్యాసం రాశాడు. 1973లో బ్రిటన్ అందరికీ హెల్మెట్ తప్పనిసరి చేసింది. అదే 1973లో మనకు 'బాబీ' సినిమా వచ్చింది. అందులో కనిపించిన బుల్లి రాజ్‌దూత్‌కు ఆ సినిమా పేరే స్థిరపడింది. హీరో జుట్టు గాలికి ఎగరడం చూసి దేశం మొత్తం దువ్వెన కొనుక్కుంది. ఒకే ఏడాది వాళ్ళు నెత్తిన టోపీ పెట్టుకున్నారు, మనం పాపిడి మార్చుకున్నాం.

ఇక అభ్యంతరాలు. మొదటిది, అప్పటి బండ్లు మెల్లగా పోయేవి, రోడ్డు ఖాళీగా ఉండేది, హెల్మెట్ ఎందుకు అని. పాలవాళ్ళ బండిగా పేరుబడ్డ రాజ్‌దూత్ 175 సంగతైతే సరే, క్యాన్లు ఒలికిపోతాయన్న భయమే దానికి స్పీడు బ్రేకరు. కానీ 1983లో రెండు సిలిండర్ల రాజ్‌దూత్ 350 కూడా వచ్చింది. జపాన్‌లో ముందు చక్రానికి డిస్కు బ్రేకున్న ఆ బండికి ఇక్కడ రెండు వైపులా డ్రమ్ములే బిగించారు. పోనీ వేగం మాట వదిలేద్దాం. బండి మీద కూర్చున్నవాడి తల నేలకు సుమారు మీటరున్నర ఎత్తున ఉంటుంది. ఆ ఎత్తు నుంచి ఊరికే పడినా నేలను తాకేసరికి వేగం గంటకు 20 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. బండి కదలకుండా స్టాండు మీదే ఉన్నా లెక్క మారదు. రోడ్డు ఖాళీ అన్నది కూడా అర్ధసత్యమే. దిల్‌సుఖ్‌నగర్ దారి కాలనీ వీధి కాదు, విజయవాడ హైవే. లారీల పక్కనే ప్రయాణం.

రెండోది ఎండ. ఇది గట్టి వాదనే. మే నెలలో మధ్యాహ్నం ఎల్బీనగర్ సిగ్నలు దగ్గర హెల్మెట్‌తో ఆగడం సుఖం కాదు. అయితే ఆ ఎండలోనే సఫారీ సూటు మెడ దాకా గుండీలు పెట్టుకున్న పెద్దమనిషి, తలకు మాత్రం ఉక్కపోస్తుందంటే నమ్మబుద్ధి కాదు. మూడోది జుట్టు ఊడుతుందని. హెల్మెట్ ముఖమే చూడని తరం బట్టతలలు అవే ఆల్బంలో ఇంకో పది పేజీలు తిప్పితే కనబడతాయి, వాటికి కారణం ఏ కంపెనీ మీద వెయ్యాలో తెలియదు. పాత జ్ఞాపకాల మీద ఇలా నీళ్ళు చల్లడమెందుకు అని అడిగేవాళ్ళూ ఉంటారు. నేను చల్లడం లేదు. పెట్రోలు బంకులో టూ-టీ ఆయిల్ కొలత తప్పకుండా కలిపించుకోవడం, చప్పుడు విని రోగం చెప్పడం, నడిరోడ్డు మీద ప్లగ్గు విప్పి ఊది మళ్ళీ బిగించడం, ఇవన్నీ నిజమైన విద్యలు, ఈనాటి బటను స్టార్టువాళ్ళకు రావు. ఆ విద్యను మెచ్చుకుందాం, ఆ ఉత్త తలను కాదు.

ఈనాటివాళ్ళు మారారా అంటే ఆదివారాలు మారారు. తెల్లవారుజామున గుంపులుగా ఎల్బీనగర్ దాటి హైవే ఎక్కేవాళ్ళకు జాకెట్టు, గ్లవుజులు, మోకాలి చిప్పలకు కవచాలు అన్నీ ఉంటాయి, మహాభారత యుద్ధానికి బయల్దేరినట్టే ఉంటారు. సోమవారం మెట్రో స్తంభాల నీడలో అదే మనిషి హెల్మెట్ మోచేతికి తగిలించుకుని వెళుతుంటాడు. దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాలో పోలీసు కనబడగానే అది తలకెక్కుతుంది, చైతన్యపురి రాగానే మళ్ళీ చేతికి దిగుతుంది. నా తీర్పు ఏమంటే, పాత తరం వాళ్ళకు తెలియదనుకోవచ్చు, వీళ్ళకు ఆ సాకు కూడా లేదు.

ఏటా జూలై రెండో ఆదివారం జావా, యెజ్డీ అభిమానులు తమ బండ్లను తుడిచి బయటకు తీస్తారు. వాళ్ళకూ, తాతగారి బుల్లెట్టు బాగుచేయించుకుంటున్న వాళ్ళకూ ఒక విన్నపం. ట్యాంకు పాత రంగులోనే ఉండనివ్వండి, సీటుకు ఆ రెగ్జిన్ తొడుగే వేయించండి, చలువ అద్దాలూ పెట్టుకోండి. హెల్మెట్ మాత్రం కొత్తది కొనండి, ఐఎస్ఐ ముద్ర చూసి రెండు కొనండి, రెండోది వెనక కూర్చునేవాళ్ళకు. గడ్డం కింద పట్టీ బిగించండి. బిగించని హెల్మెట్ మీకంటే ముందే బండి దిగిపోతుంది.