సంచి మోసినవాడి వారసులు

యేసు వెంట తిరిగిన పన్నెండుమందిలో పేతురుకి పదవి లేదు, యోహానుకీ లేదు. ఉన్న ఒకే ఒక్క పదవి కోశాధికారిది. డబ్బు సంచి మోసే ఆ భాగ్యం ఇస్కరియోతు యూదాకి దక్కింది. అందులోంచి అతను కాజేస్తుండేవాడని యోహాను సువార్త పన్నెండో అధ్యాయం మొహమాటం లేకుండా చెబుతుంది. ఆ తర్వాత ముప్పై వెండి నాణేల సంగతి తెలిసిందే. అయినా అతనికి కాస్త సిగ్గుంది. తప్పు తెలిశాక ఆ డబ్బు తీసుకెళ్లి దేవాలయంలో విసిరికొట్టాడు. ఈ ఒక్క విషయంలో అతని అడుగుజాడల్లో నడిచిన కోశాధికారిని నేనింతవరకు చూడలేదు.

నేను యేసుని నమ్ముతాను. ఈ ముక్క ముందే చెప్పకపోతే ఇదంతా ఏ పార్టీ ఖాతాలో వేసుకుంటారో తెలియదు. కొండమీది ప్రసంగాన్ని మించిన మాట ఇంకొకటి నా చెవిన పడలేదు. నా పేచీ ఆయనతో కాదు, ఆయన పేరుమీద ఆఫీసు తెరిచినవాళ్లతో.

మన సంఘాల ఎన్నికలు చూసి తీరాలి. ప్యానెళ్లు, క్యాంపులు, రాత్రికి రాత్రి మారిపోయే ఓటర్ల జాబితాలు. చచ్చినవాళ్లు కూడా లేచొచ్చి ఓటేసి వెళతారు, పునరుత్థానం మీద మనకంత గట్టి నమ్మకం. ఫలితం వచ్చాక ఓడినవాడు కోర్టుకి, గెలిచినవాడు తాళం చెవుల కోసం పోలీస్ స్టేషన్‌కి. సహోదరుడి మీద సహోదరుడు అవిశ్వాసుల ముందు వ్యాజ్యమాడటమేమిటని పౌలు కొరింథీయులకి రాసిన మొదటి పత్రిక ఆరో అధ్యాయంలో ఎప్పుడో దులిపేశాడు. మనవాళ్లూ భక్తి తప్పలేదు. వాయిదా రోజు కోర్టు వరండాలో ప్రార్థన చేసుకునే లోపలికి వెళతారు, ఇరుపక్షాలూ. మిషనరీలు వదిలి వెళ్లిన స్థలాలు ఊరి నడిబొడ్డున ఉన్నాయి మరి. గజం ధర పెరిగేకొద్దీ ఆత్మల భారమూ పెరుగుతుంది.

ఈ రొంపి వద్దనుకున్నవాళ్లు స్వతంత్ర సంఘాలు పెట్టుకున్నారు. అక్కడ ఎన్నికల బెడద లేదు. వ్యవస్థాపకుడు తండ్రి, కోశాధికారి పాస్టరమ్మ, యూత్ పాస్టర్ కుమారుడు. త్రిత్వం ఇంట్లోనే సర్దుకుంది. దశమభాగం అడిగేటప్పుడు మలాకీ మూడో అధ్యాయం పదో వచనం దానంతటదే తెరుచుకుంటుంది. అదే అధ్యాయంలో ఐదో వచనం కూడా ఉంది. కూలివాడి కూలి ఎగ్గొట్టేవాళ్లని, విధవరాళ్లని, తండ్రిలేని పిల్లల్ని పీడించేవాళ్లని దేవుడు నిలదీసేది అక్కడే. ఆ వచనం దగ్గరికొచ్చేసరికి కీబోర్డు వాయించే కుర్రాడికి సైగ అందుతుంది, పాట మొదలవుతుంది. ధర్మం చేసేటప్పుడు కుడిచేతి పని ఎడమచేతికి తెలియకూడదన్నాడు యేసు. ఇప్పుడు కానుక సంచి పోయి క్యూఆర్ కోడ్ వచ్చింది. ఎంత పడిందో పక్కనున్న డబ్బా గట్టిగా అరిచి మరీ చెబుతుంది.

డిసెంబరు వస్తే సెమీ క్రిస్మస్. పార్టీకో కేకు, కేకుకో ఎమ్మెల్యే. దైవజనుడు నాయకుడి తలమీద చెయ్యి వేసి సింహాసనం ఖాయమంటాడు. రెండు రోజుల తర్వాత అదే చెయ్యి ప్రతిపక్షం తలమీద ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో పాస్టర్లకి నెలకి 5,000 రూపాయల గౌరవ వేతనం పెట్టారు. 2019లో జెరూసలేం యాత్రకిచ్చే సాయాన్ని, ఆదాయం తక్కువున్నవాళ్లకి, 60,000కి పెంచారు. అర్చకులకీ ఇమాములకీ ఇస్తున్నప్పుడు వీళ్లేం పాపం చేశారంటారా? నిజమే. కాకపోతే, కైసరుది కైసరుకి ఇమ్మన్నాడని గుర్తుంది గానీ కైసరు దగ్గర పుచ్చుకోమన్నట్టు గుర్తులేదు.

మిషన్లన్నీ ఇలాంటివేనని అంటే కళ్లు పోతాయి. 1876–78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకి పని, కూడు చూపించాడు. వాళ్లలో బాప్తిస్మం అడిగినవాళ్లకి మాత్రం కాదన్నాడు. అన్నం కోసం వచ్చినవాణ్ణి ఆత్మల లెక్కలో రాసుకోవడానికి ఆయనకి మనసొప్పలేదు. సాయం ఆగిపోయాకే, 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. వార్షికోత్సవాల్లో చెప్పుకోవడానికి ఆ అంకె బాగుంటుంది. ఆయన కాదన్న నెలల గురించి మాట్లాడితే ఈనాటి స్వస్థత సభల కరపత్రాలు చాలా చింపాల్సి వస్తుంది.

ఇక కులం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు షెడ్యూల్డు కులాల జాబితాలో ఉండడు. 1956లో సిక్కులకీ 1990లో బౌద్ధులకీ తలుపు తెరిచారు, మనకి తెరవలేదు. ఆంధ్రలో బీసీ–సి అని ఒక్క శాతంతో సరిపెట్టారు. క్రీస్తులోకి వస్తే కులం పోతుందని ఢిల్లీ ప్రభుత్వం అంత గట్టిగా నమ్మింది. నమ్మనిది సంఘమే. మాల సంఘం వేరు, మాదిగ సంఘం వేరు, పెళ్లి ప్రకటనలో రెడ్డి క్యాథలిక్ వేరు. అందరూ ఒకే రొట్టె విరుస్తారు, సంబంధాలు మాత్రం కలుపుకోరు. క్యాథలిక్ సంఘానికి ఒక దళితుడు, హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోనీ, కార్డినల్ కావడానికి 2022 దాకా పట్టింది. తొలి దళిత కార్డినల్ అని పండగ చేసుకున్నాం. అంతకాలం ఎందుకు పట్టిందని అడిగితే పండగపూట ఆ మాటలెందుకన్నారు.

ఈ ఆఫీసుల గుమ్మం తొక్కనన్న మనిషి మన మధ్యే ఒకాయన ఉండేవాడు. కలగర సుబ్బారావు, మునిపల్లె బడిపంతులు. 1942లో క్రీస్తు దర్శనమైందన్నాడు. ఆయన చుట్టూ జనం చేరారు. బాప్తిస్మం మాత్రం ఒప్పుకోలేదు, పాద్రీల్ని దుయ్యబడుతూ పుస్తకాలు రాశాడు. డెన్మార్క్ నుంచి వచ్చిన కాయ్ బాగో అనే పండితుడు ఆయన ఉద్యమం మీద 1968లో ఒక పుస్తకమే వేశాడు. మన సంఘాల్లో ఎంతమందికి సుబ్బారావు పేరు తెలుసు?

నేనూ చాలాకాలంగా ఏ రిజిస్టర్‌లోనూ లేను. ఆమధ్య ఒక సంఘపెద్ద దారిలో ఆపి, తలమీద చెయ్యి వేసినంత ప్రేమగా అడిగాడు.

"బ్రదర్, సభ్యత్వం లేకుండా పోతే రేపు సమాధుల తోటలో చోటెవరిస్తారు?"

"యేసుకి మాత్రం సొంత చోటుందా అన్నా? అరిమతయియ యోసేపు తన సమాధి ఇచ్చాడు. మూడోనాటికి ఖాళీ చేసేశాడు కూడా."

పెద్దాయన కాసేపు ఆలోచించాడు.

"అది సరే. పాత చందా బాకీ ఎంతుందో రిజిస్టర్ చూసి ఫోన్ చేస్తా."