కాసెట్టుకు కాయకల్పం

పాత కచేరీ ఏదైనా విందామని యూట్యూబ్ తెరిస్తే ముందుగా దర్శనమిచ్చేది సరస్వతీదేవి. ఆవిడ వెనక సూర్యోదయం, పక్కన జలపాతం, కింద పసుపుపచ్చ అక్షరాల్లో శీర్షిక: 'అత్యంత అరుదైన కచేరీ, ఇంతవరకూ ఎవరూ విననిది, 4కె అల్ట్రా హెచ్‌డి, ఏఐ రీమాస్టర్డ్, 432 హెర్ట్జ్'. 4కె అనేది బొమ్మలో అడ్డంగా ఎన్ని చుక్కలున్నాయో చెప్పే లెక్క. పాటకు దాంతో చుట్టరికం లేదు. సరస్వతి మాత్రం స్ఫుటంగా కనిపిస్తుంది, కాదనలేం. పాడిందెవరో శీర్షికలో ఉంటుంది, ఒక్కోసారి సరిగ్గానే ఉంటుంది. ఏ ఊళ్లో పాడారు, ఏ సంవత్సరం, వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు అనే చిల్లర వివరాలకు చోటు చాల్లేదు. ఛానెల్ పేరుకు మాత్రం చోటు చాలింది. ఆలాపన పైషడ్జం మీద నిలబడి విద్వాంసుడు ఊపిరి బిగబట్టిన క్షణంలోనే ఒక కంచుకంఠం దిగి ఆ పేరు చెప్పి, గంట నొక్కమని హెచ్చరించి వెళుతుంది.

దీన్ని పాత టేపులకు ప్రాణం పోయడం అంటున్నారు. పోస్తున్నవాళ్లు చాలావరకు ఔత్సాహికులే. ఇంట్లో నాలుగు పాటలు పాడుకుని రికార్డు చేసేవారు, తాతగారి అటక మీద కాసెట్లు దొరికినవారు. వాళ్ల ప్రేమను శంకించనక్కర్లేదు. శంకించాల్సింది ఆ ప్రేమ చేస్తున్న పనిని. వారి దృష్టిలో పాత టేపుకున్న జబ్బు మురికి, దానికి మందు స్నానం. నిజానికి దాని జబ్బు మతిమరుపు. తానెవరో, ఎక్కడిదో, ఎప్పటిదో చెప్పలేని స్థితిలో ఉంది. దానికి కావలసింది ఒక చీటీ. మనవాళ్లు చీటీ చించేసి స్నానం చేయిస్తున్నారు.

స్నానం సంగతి చూద్దాం. ఫిలిప్స్ కంపెనీ 1963లో బయటపెట్టిన కాసెట్టులో టేపు వెడల్పు 4 మిల్లీమీటర్లు కూడా ఉండదు. అందులోనే స్టీరియోకి, రెండు వైపులకీ కలిపి నాలుగు దారులు వేయాలి. సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున మెల్లగా నడుస్తుంది. ఇంత ఇరుకు, ఇంత నిదానం కాబట్టి బుస తప్పదు. ఆ బుసను తీసే ఆడాసిటీలాంటి సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. ఎవరూ పాడని చోట ఒక ముక్క చూపించి 'ఇదీ చెత్త' అని చెబితే, అలాంటిది ఎక్కడున్నా ఊడ్చేస్తుంది. మారకుండా ఒకే తీరున మోగేదల్లా చెత్తేనన్నది దాని నమ్మకం. మన కచేరీలో మొదటి నుంచి చివరి దాకా ఒకే తీరున మోగేది తంబురా. పైగా ఎవరూ పాడని చోట కూడా అది మోగుతూనే ఉంటుంది, కాబట్టి చెత్తకు నమూనాగా చూపించేదే తంబురాతో కలిసిన ముక్క. మీట మరీ ఎక్కువ తిప్పితే బుసతోపాటు శ్రుతీ పోతుంది, మృదంగం చాపు అంచు మొద్దుబారుతుంది, గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టు వినిపిస్తుంది. కింద వ్యాఖ్యల్లో మాత్రం 'క్రిస్టల్ క్లియర్ సార్' అని ఉంటుంది. నిజమే, అవతల ఏమీ మిగలనప్పుడు గాజు చాలా శుభ్రంగా కనిపిస్తుంది.

ఇక శ్రుతి. పాత టేప్‌రికార్డర్లో బెల్టు సాగినా, మోటారు ముసలిదైనా వేగం మారుతుంది. టేపు 6 శాతం వేగంగా తిరిగితే చాలు, పాట అర శ్రుతి పైకి పోతుంది. ఒకటి శ్రుతిలో పాడిన పెద్దాయన ఒకటిన్నరలో కుర్రాడైపోతాడు, ఆయన తాపీగా పాడిన విలంబకాలం కాస్త పరుగందుకుంటుంది. దీన్ని పట్టుకోడానికి ఒక దారుంది. రికార్డు చేసినప్పుడు కరెంటు తీగలోంచి చొరబడిన గుంయ్‌మనే మోత మన దేశంలో సుమారు 50 హెర్ట్జ్. అది టేపులో 53 దగ్గర కనిపిస్తే టేపు పరిగెత్తుతోందన్నమాట. పాతరోజుల్లో మన గ్రిడ్ నిలకడ లేనిదే గానీ అంత పైకి ఎగబాకేది కాదు. అంటే ఆ మోత మురికి మాత్రమే కాదు, సాక్షి కూడా. శుద్ధికర్తలు మొదట చంపేది ఆ సాక్షినే. ఆ తరవాత మొత్తాన్ని 432 హెర్ట్జ్‌కు దించి విశ్వచైతన్యంతో అనుసంధానిస్తారు. పాశ్చాత్యులు 'ఎ' స్వరాన్ని 440 దగ్గర స్థిరపరిచారు, అది 432 ఉండాలని అక్కడ కొందరి వాదన. ఆ పోట్లాట వాళ్లది. కర్ణాటక సంగీతంలో షడ్జం గాయకుడి గొంతును బట్టి ఎక్కడైనా కూర్చుంటుంది. కుర్చీయే స్థిరంగా లేని సభలో కుర్చీ ఎనిమిది అంగుళాలు జరిపితే మోక్షమంటున్నారు.

రీమాస్టర్ అన్న మాటకూ అర్థముంది. మాస్టర్ అంటే మొదటి టేపు. మనవాళ్ల చేతిలో ఉండేది చాలాసార్లు ఎవరో కాసెట్టు నుంచి ఎంపీ3గా కుదించి పంపినది. కుదింపులో పారేసిన సమాచారం పారేసినట్టే. దాన్ని వేవ్ ఫైలుగా మార్చినా, 320 కేబీపీఎస్ అని పేరు పెట్టినా ఫైలు బరువు పెరుగుతుంది గానీ పోయింది తిరిగిరాదు. ఒకే మైకుతో రికార్డయిన మోనో కచేరీని స్టీరియోగా విడదీసి, విద్వాంసుణ్ణి ఎడమ చెవిలోంచి కుడి చెవిలోకి నడిపించే సాహసికులూ ఉన్నారు. కృత్రిమ మేధ వచ్చాక గొంతునూ వాద్యాలనూ వేరు చేయడం సరదా అయింది. మన వయొలిన్ గొంతు వెనకాలే, అదే స్వరం మీద, అదే గమకంతో నడుస్తుంది. రెంటికీ మధ్య గీత గీయమంటే యంత్రం తడబడుతుంది. కొంత గొంతు వయొలిన్‌కి, కొంత వయొలిన్ గొంతుకి అంటగడుతుంది. ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం చెప్పే పద్ధతి మరీ నిరాడంబరం: టేపులో ఉన్నది ఉన్నట్టుగా, కుదించకుండా, 24 బిట్, వీలైతే 96 కిలోహెర్ట్జ్ లెక్కన ఎక్కించి దాచండి, శుభ్రం చేయాలనిపిస్తే నకలు మీద చేసుకోండి. ఇందులో సూర్యోదయం ప్రస్తావన లేదు.

మన ఊళ్లలో గుళ్లకు జరిగే జీర్ణోద్ధరణను చూసినవారికి ఈ కథ కొత్త కాదు. దాత పేరుతో పాలరాతి పలక గోడకెక్కుతుంది, కట్టించిన రాజు పేరున్న శాసనం సున్నం కింద సమాధి అవుతుంది. కాసెట్టు అట్ట మీది చేతిరాత అలాంటి శాసనమే. నీలం బాల్‌పెన్నుతో 'తోడి, ఆది, విజయవాడ రేడియో, ఉగాది' అని ఎవరో రాసుకున్న ఆ అరచేతి ముక్కే కచేరీకి జన్మపత్రం. దాని విలువ ఎంతో చెప్పడానికి వోలేటి వెంకటేశ్వర్లు (1928–1989) ఒక్కరు చాలు. విజయవాడ ఆకాశవాణిలో పనిచేసిన ఆయన గొంతు ఈ తరానికి ఇంతగా వినిపిస్తోందంటే, రసికులు చేతులు మార్చుకుంటూ కాపాడిన టేపుల పుణ్యం అందులో ఎంతో ఉంది. ఆయన మనోధర్మం ఏ వయసులో ఎలా మారిందో తెలుసుకోవాలనే విద్యార్థికి ఏ టేపు ముందుది, ఏది తరవాతిది అన్నది తెలియాలి. 'అత్యంత అరుదైనది' అన్న విశేషణం అతనికి దేనికీ పనికిరాదు.

శుద్ధికర్తల వైపు నుంచి కూడా జవాబులున్నాయి. మొదటిది: మేం ఎక్కించకపోతే ఆ టేపులు బూజుపట్టి పోయేవి. ముమ్మాటికీ నిజం. టేపు ఖరీదైన రోజుల్లో పెద్ద పెద్ద ప్రసార సంస్థలే ఒక కార్యక్రమాన్ని చెరిపి దాని మీదే ఇంకోటి రికార్డు చేసేవి. రేడియో పక్కన కాసెట్టు పెట్టి మీట నొక్కిన గుమాస్తానే చాలా చోట్ల చివరి కాపలాదారు. అందుకే ఆ కాపలాదారు రాతను చెరపడం ఘోరం. రెండోది: బుసతో పెడితే ఈ తరం వినదు. అలాగైతే శుభ్రం చేసినదీ పెట్టండి, చేయనిదీ పెట్టండి. రెండో ఫైలుకు అదనంగా చెల్లించాల్సిందేమీ లేదు. సంగీతప్రియ అనే వెబ్‌సైటులో ఔత్సాహికులు లాభాపేక్ష లేకుండా కచేరీలు పంచుకుంటూనే ఉన్నారు, రసికులు వింటూనే ఉన్నారు. మూడోది: గొంతు ముద్ర వేయకపోతే దొంగలెత్తుకుపోతారు. ఎవరి సొత్తు? త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందారు, కృతులు అందరివీ. ప్రదర్శకుల హక్కు 1994 సవరణతో మన చట్టంలోకి వచ్చింది. ప్రదర్శకుడంటే పాడినవాడు, వాయించినవాడు. ఊడ్చినవాడు ఆ జాబితాలో లేడు. తనది కానిదాని మీద తన పేరు అరిచి, దొంగలున్నారు జాగ్రత్త అని చెప్పడానికి గుండె ధైర్యం కావాలి.

ఈ శుభ్రతా జాడ్యం పాత టేపులతో ఆగితే కొంత మేలే. ఇంట్లో పాడి పెట్టే గాయనీగాయకులకూ అంటుకుంది. పడగ్గదిలో పాడిన పాటకు గుహంత ప్రతిధ్వని తొడుగుతున్నారు, ఆటోట్యూన్‌తో స్వరాలను ఇస్త్రీ చేస్తున్నారు. సంగీత విద్వాంసుడు శ్రీపాద పినాకపాణి వృత్తిరీత్యా వైద్యుడు. 'సంగీత సౌరభం' సంపుటాల్లో ఏ స్వరం ఎంత కదలాలో, ఎక్కడ ఊగాలో కాగితం మీద పట్టడానికి ఆయన పడ్డ శ్రమ చూస్తే సంగీతంతో బతకని మనిషి సంగీతానికి ఏం చేయగలడో తెలుస్తుంది. అంత కష్టపడి ఆయన రాసి ఉంచిన ఊపును యంత్రం తప్పుగా లెక్కగట్టి ఒక్క మీటతో చదును చేస్తోంది. ఇంటి పాటకు ఇల్లు వినిపించడం లోపమని ఎవరు చెప్పారో గానీ, చెప్పినవారి దగ్గర ప్లగిన్లు అమ్మకానికి ఉండి ఉంటాయి.

అటక మీద టేపులున్నవారికి విన్నపం ఒక్కటే. ముందు అట్టను రెండు వైపులా ఫొటో తీయండి. టేపును ఉన్నదున్నట్టు ఎక్కించి ఆ ఫైలును ముట్టుకోకుండా దాచండి. పాడినవారు, వాయించినవారు, ఊరు, సంవత్సరం తెలిస్తే రాయండి, తెలియకపోతే తెలియదనే రాయండి. వినేవారిలో తెలిసినవాళ్లు ఉంటారు, వాళ్లు చెబుతారు. ఎక్కించాక కాసెట్టు పారేయకండి. మీ పేరు కూడా పెట్టుకోండి, తప్పులేదు. చిట్టచివర, చిన్న అక్షరాల్లో.